చెక్క గదిలో ఆ చీటీలు మార్చండి

మ్యూజియం డైరెక్టర్ గారికి,

మీ చెక్క శిల్పాల గదిలో చీటీలన్నిటి మీదా "చెక్క" అనే ఉంది. ఏ చెక్క, ఏ ఉలి, అతుకు ఎలా వేశారు? అవి లేకపోతే చూసేవాళ్లకు మిగిలేది నునుపు మాత్రమే.

చైనాలోని యింగ్‌షియన్ గోపురం సంగతే తీసుకోండి. 1056లో కట్టారు, ఎత్తు దాదాపు 67 మీటర్లు, పైభాగమంతా కలపే. దూలాల కింద ఒకదానిలో ఒకటి ఇమిడే చెక్క ముక్కల గుత్తులున్నాయి. భూమి కంపిస్తే అతుకులు కొద్దిగా కదిలి ఆ ఊపును మింగేస్తాయి, బిగుసుకుపోయి విరగవు. ఈ కిటుకు తెలిశాక గోపురాన్ని చూసే చూపే మారిపోతుంది.

పోలండ్‌లోని క్రాకోలో ఫైట్ ష్టోస్ అనే జర్మన్ శిల్పి 1477 నుంచి 1489 దాకా చెక్కిన చర్చి బలిపీఠంలో బొమ్మలకు లిండెన్ కలప వాడాడు. మెత్తని కలప కాబట్టే బట్ట మడతలు అంత లోతుగా తెగాయి. (రంగు, బంగారు పూత చూసి చాలామంది అది చెక్క అన్న సంగతే మర్చిపోతారు.)

పెద్ద ఖర్చేమీ అడగడం లేదు. చీటీకి రెండు లైన్లు చేర్చండి. వీలైతే ఒక అతుకు నమూనాను విప్పి, బిగించి చూసేలా బల్ల మీద పెట్టండి. పిల్లలు విరగ్గొడతారన్న టెన్షన్ వద్దు, ఇంకోటి చేయించవచ్చు.

ఇట్లు,
ఒక సందర్శకుడు