బాయి మీద పూసిన పూలు

బెల్‌వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం
ఏప్రిల్ 26, ఆదివారం రాత్రి

అమ్మకు, బాపుకు,

మేమంతా బాగున్నాం. మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో బాపుకు సగం మాటలు వినపడటం లేదని అమ్మ చెప్పింది. 31 ఏళ్ళు బొగ్గు బాయిలో బ్లాస్టింగ్ చప్పుడు విన్న చెవులు కదా. అందుకే ఈసారి ఫోన్ పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను. బాపూ, అద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదువు. అమ్మకు కూడా పైకి చదివి వినిపించు.

ఇక్కడ చలి వెళ్ళిపోయింది. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా చీకటి పడేది, రోజంతా ముసురే. ఇప్పుడు రాత్రి ఎనిమిదైనా వెలుతురు ఉంటోంది. ఆ మార్పు ఇంట్లో అందరికంటే ముందు మా కుక్క జొన్నకు తెలిసింది. శనివారం పొద్దున నేను బూట్లు చేతిలోకి తీసుకుంటే చాలు, మెడతాడు నోట కరుచుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. మా పిల్లి మసి మాత్రం కిటికీ దగ్గర పడుకుని ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసేస్తుంది. దాన్ని బయటికి వదలడం లేదు. చుట్టూ అడవే, రాత్రుళ్ళు కయోటీలు తిరుగుతాయి. నక్కలాంటి జంతువులవి.

పెద్ద కొండల మీద ఇంకా మంచు ఉంది. అది కరిగి దారులు తేలేసరికి జూన్ జూలై అవుతుంది. అందుకని వసంతంలో అందరూ దగ్గరలోని చిన్న కొండలకే వెళ్తారు. మా ఇంటి నుంచి కారులో 20 నిమిషాలు పోతే కూగర్ మౌంటెన్ వస్తుంది. 3,000 ఎకరాలకు పైగా అడవి, అంతా కౌంటీ వాళ్ళ పార్కు. కూగర్ అంటే ఇక్కడి కొండ సింహం. అమ్మా, టెన్షన్ పడకు. ఇన్నేళ్ళలో మాకు ఒక్కటీ కనిపించలేదు. అది మనుషుల చప్పుడు వింటే తప్పుకుపోయే జీవి.

బాపూ, ఆ కొండ గురించి నీకు చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అది బొగ్గు కొండ. అక్కడ 1863 నుంచి 1963 వరకు, నూరేళ్ళు బొగ్గు తవ్వారు. ఆ బొగ్గు ఓడలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళేది. మేము కారు ఆపే చోటు పేరు రెడ్ టౌన్. కార్మికులకు కంపెనీ ఇచ్చిన ఇళ్ళకు ఎర్ర రంగు వేశారట, అందుకే ఆ పేరు. ఇప్పుడు అక్కడ ఒక్క ఇల్లు లేదు. మేపుల్ చెట్లు, ఫెర్న్ పొదలు, నాలుగు బోర్డులు ఉన్నాయి. ఒక బోర్డు మీద పాత ఫోటో ఉంది. మసి కొట్టుకుపోయిన మొహాలు, తల మీద దీపం ఉన్న టోపీలు. చిన్నోడు దాని ముందు చాలాసేపు నిలబడి "అమ్మా, తాత ఏడీ?" అని అడిగాడు. వాళ్ళు తాత పుట్టకముందు వాళ్ళని చెప్పాను. అయినా మళ్ళీ ఒక్కో మొహం వెతికాడు.

కాస్త ముందుకు పోతే ఫోర్డ్ స్లోప్ అని ఒక బాయి మూతి ఉంది. మనం ఇంక్లైన్ అంటామే, దాన్నే ఇక్కడ స్లోప్ అన్నారు. లోపలికి ఏటవాలుగా దిగే దారి, ఇప్పుడు కాంక్రీటుతో మూసేశారు. చిన్నోడు ఒక పుల్ల తీసుకుని దాన్ని టక్ టక్ మని కొట్టి చెవి ఆనించాడు. కిందటిసారి మేము వచ్చినప్పుడు నువ్వు చెప్పింది గుర్తుంచుకున్నాడు: బాయిలో రూఫ్ తట్టితే టంగుమనాలి, డొల్ల చప్పుడు వస్తే వెనక్కి వచ్చేయాలి. మీ అల్లుడు ఫోటో తీశాడు. దీంతో పాటు పెడుతున్నాను.

అక్కడి నుంచి కేవ్ హోల్ ట్రెయిల్ అని ఒక దారి పోతుంది. కింద తవ్విన చోట పైనేల కుంగి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి, వాటి చుట్టూ కంచె వేశారు. దారి దాటొద్దని బోర్డులు. అది చదివాక మీ అల్లుడు పాపను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. జొన్న తాడును నేను ఇంకొంచెం దగ్గరికి పట్టుకున్నాను. పార్కులో కుక్కను తాడు లేకుండా వదలకూడదనే రూలు కూడా ఉంది. ఆ రూలు నాకు ఇష్టం. నేల మీద గూళ్ళు పెట్టుకునే పిట్టలు ఉంటాయి, అది వాటి ఇల్లు.

ఇప్పుడు పూల సంగతి. అమ్మా, ఇది నీ కోసం. ఆ కుంగిన నేల పక్కనే, తడి ఆకుల మధ్యలో ట్రిలియం పూలు పూశాయి. మూడు ఆకులు, వాటి మీద మూడు తెల్లటి రేకులు, అంతే. మల్లెపువ్వంత తెలుపు. రోజులు గడిచేకొద్దీ ఆ తెలుపు గులాబీ రంగులోకి, ఊదా రంగులోకి మారుతుంది. నిన్నటికే సగం పూలు రంగు తిరిగాయి. విత్తనం పడ్డాక మొదటి పువ్వు పూయడానికి ఏడెనిమిదేళ్ళు పైనే పడుతుందట. విత్తనానికి అంటుకుని చిన్న కొవ్వు ముక్క ఉంటుంది, దాని కోసం చీమలు విత్తనాన్ని పుట్టకు మోసుకుపోతాయి. తినేది తిని విత్తనం అక్కడే వదిలేస్తాయి. అలా చీమ నడిచినంత దూరమే ఆ మొక్క పాకుతుంది. పాప కోయబోతే ఆపాను. పువ్వుతో పాటు ఆకులూ తెగిపోతే ఆ మొక్క మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది. ఈ పువ్వు వయసు నీకంటే ఎక్కువ అని చెప్పాను. పాప చేయి వెనక్కి తీసుకుని పువ్వుకు "సారీ అక్కా" అంది.

బాపూ, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మీ ఇంక్లైన్ మూసేశారు. నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని అటు తీసుకెళ్ళావు. ఇక ఇక్కడ ఏముంటది బాపూ అని అడిగితే, "ఏముంటది బిడ్డా, తుమ్మలు మొలుస్తయి" అన్నావు. దారంతా మళ్ళీ మాట్లాడలేదు. ఆ రోజు నాకు అర్థం కాలేదు. నిన్న ఆ గుంతల పక్కన నిలబడితే నీ సైకిల్ గంట గుర్తొచ్చింది. ఇక్కడ బాయి మూసి అరవై ఏళ్ళు దాటింది. పూర్వం కొట్టేసిన దేవదారు మొద్దులు మనిషి ఎత్తున ఇంకా ఉన్నాయి. కొయ్యడానికి చెట్టుకు గాటు పెట్టి, అందులో పలక బిగించుకుని నిలబడేవాళ్ళట, ఆ గాట్లు మొద్దులకు కళ్ళలా కనిపిస్తాయి. ఒక్కో మొద్దు నెత్తిన కొత్త చెట్టు లేచింది, దాని వేళ్ళు మొద్దును కౌగిలించుకుని నేలలోకి దిగాయి. నువ్వు వచ్చినప్పుడు ముందు అక్కడికే తీసుకెళ్తాను. మెల్లగా నడుద్దాం, నీ మోకాళ్ళు ఓర్చుకుంటాయి.

కోల్ క్రీక్ జలపాతం చిన్నదే. ఎండాకాలంలో సన్నగా కారుతుంది, ఇప్పుడు మాత్రం నిండుగా దూకుతోంది. దాని దగ్గర కూర్చుని తెచ్చుకున్నవి తిన్నాం. తిరిగి వచ్చేటప్పుడే జొన్న మమ్మల్ని భయపెట్టింది. ఇక్కడ బనానా స్లగ్ అని ఉంటుంది. గుల్ల లేని నత్త, అరటిపండు రంగు, జానెడు పొడుగు. జొన్న దాన్ని నాకేసింది. నిమిషంలో నోటి నిండా నురగ, నాలుక బయట పెట్టి తల విదిలిస్తోంది. నాకు చేతులు కాళ్ళు ఆడలేదు. పశువుల డాక్టర్‌కు ఫోన్ చేస్తే, ఆ జిగురు నోటిని మొద్దుబారుస్తుందని, కాసేపట్లో తగ్గుతుందని చెప్పారు. నీళ్ళు తగిలితే జిగురు ఇంకా ఉబ్బుతుంది కాబట్టి ముందు పొడి గుడ్డతో తుడవమన్నారు. చిన్నోడు తన టోపీ తీసి ఇచ్చాడు. దానితోనే తుడిచాను. కారు దగ్గరికి వచ్చేసరికి మామూలైపోయింది, కానీ ఆ పది నిమిషాలూ పిల్లలిద్దరూ దాన్ని వదల్లేదు. స్లగ్ కూడా క్షేమమే. అడవిలో రాలిన ఆకులు తిని మట్టి చేసేది అదే.

ఇంటికి వచ్చాక గుమ్మంలోనే బకెట్ పెట్టి జొన్న నాలుగు కాళ్ళు కడిగాం. నల్లటి నీళ్ళు వచ్చాయి. మట్టే అయ్యుంటుంది, నేను మాత్రం బొగ్గే అనుకున్నాను. నువ్వు షిఫ్టు దిగి వస్తే అమ్మ పెరట్లో పోసిన నీళ్ళు కూడా అలాగే పారేవి కదా. మసి వచ్చి జొన్నను చెవి నుంచి తోక దాకా వాసన చూసింది. ఎక్కడెక్కడ తిరిగిందో అంతా దానికి తెలిసిపోయి ఉంటుంది. తర్వాత రెండూ హీటర్ పక్కన ఒకదాని మీద ఒకటి తల పెట్టి పడుకున్నాయి.

సాయంత్రం ఇంటి ముందు హమ్మింగ్‌బర్డ్‌ల కోసం ఒక వంతు పంచదార, నాలుగు వంతుల నీళ్ళు కలిపి సీసాలో పోశాను. రాగి రంగు పిట్ట, బొటనవేలంత. చలికాలం మెక్సికోలో ఉండి ఈ నెలల్లో ఇక్కడికి వస్తుంది. మసి కిటికీ అద్దం ఇవతల కూర్చుని తోక ఆడిస్తూ చూస్తోంది.

బాపూ, చిన్నోడికి నీ జవాబులు కావాలట. ఫోన్‌లో వద్దు, రాసి పంపమన్నాడు. లోపల ఉన్నప్పుడు పైన వాన పడుతోందని తెలిసేదా? టోపీ లైట్ ఆరిపోతే ఎలా వచ్చేవాడివి? బాయిలో ఎలుకలు ఉంటాయి కదా, నీ టిఫిన్ డబ్బాలోది వాటికి పెట్టేవాడివా, వాటిలో ఒకదానికైనా పేరు పెట్టావా?

మీ బిడ్డ