వార్షిక నివేదిక: ఈ ఏడాది గుర్రాల గోలే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, వనభోజనాలు, రక్తదాన శిబిరం ఎప్పట్లాగే జరిగాయి, ఫొటోలు గ్రూపులో ఉన్నాయి. లెక్కలు కోశాధికారి విడిగా పంపుతారు. ఈసారి కొత్తగా చేసింది కోల్‌కతా చరిత్ర మీద ముచ్చట్లు. అందులో కలకత్తా లైట్ హార్స్ అనే తెల్లవాళ్ళ స్వచ్ఛంద గుర్రపు దళం మీద ఒక సభ అనుకున్నది మూడైంది, ఎందుకంటే మొదటి రోజు ప్రొజెక్టర్ మొరాయించింది, రెండో రోజు వాదన తెగలేదు.

ఈ గుర్రపు దళం 1872లో పెట్టారు. 1857 తర్వాత తెల్లవాళ్ళకి పట్టుకున్న భయం అంత తొందరగా వదల్లేదు. వ్యాపారులు, కంపెనీ ఉద్యోగులు తీరిక వేళల్లో కవాతు చేసే ఇలాంటి స్వచ్ఛంద దళాలు చాలాచోట్ల పుట్టాయి.

“మనవాళ్ళెవరైనా ఉన్నారా అందులో?” అని ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన పెద్దాయన అడిగారు. లేరండీ, రానిస్తే కదా! 1885లో రష్యా దండెత్తుతుందని పుకారు లేచినప్పుడు, మమ్మల్నీ వాలంటీర్లుగా తీసుకోండని చదువుకున్న భారతీయులు అర్జీలు పెట్టుకుంటే సర్కారు ఒప్పుకోలేదు. గుర్రానికి దాణా వేసి మాలీసు చెయ్యడానికి మాత్రం మనవాళ్ళు కావాలి. ఆ ‘స్వచ్ఛందం’ కూడా ఎల్లకాలం సాగలేదు, 1917 చట్టంతో ఇక్కడి తెల్లవాళ్ళకి సైనిక సేవ తప్పనిసరైంది, 1920లో ఈ దళాలన్నీ ఆక్సిలరీ ఫోర్స్ అనే సహాయక సైన్యం కింద చేరాయి.

బ్రిటిష్‌వాళ్ళకీ డచ్చి సంతతి బోయర్లకీ మధ్య జరిగిన బోయర్ యుద్ధానికి 1900లో ఇలాంటి దళాల నుంచి సుమారు 250 మంది లమ్స్‌డెన్స్ హార్స్ పేరుతో దక్షిణాఫ్రికా వెళ్ళారు. ఆ తర్వాత నలభై ఏళ్ళకి లైట్ హార్స్ అంటే దాదాపు ఒక క్లబ్బే.

అలాంటి క్లబ్బుకి 1943 మార్చిలో యుద్ధం దొరికింది, అదీ సముద్రం మీద! గోవాలో మార్ముగోవా రేవులో ఉన్న జర్మన్ ఓడ ఎహ్రెన్‌ఫెల్స్ నుంచి జలాంతర్గాములకి రహస్యంగా వైర్‌లెస్ కబుర్లు వెళ్తున్నాయని బ్రిటిష్‌వాళ్ళ అనుమానం. గోవా అప్పట్లో పోర్చుగల్‌ది, పోర్చుగల్ తటస్థ దేశం, అసలు సైన్యాన్ని పంపితే గొడవ. అందుకని నడివయసు క్లబ్బు మెంబర్లని పంపారు! ఫీబీ అనే బురద మోసే పడవ కలకత్తా నుంచి మన కోస్తా పక్కగానే చుట్టు తిరిగి కొచ్చిన్ చేరింది, వీళ్ళేమో రైల్లో వెళ్ళి అక్కడ ఎక్కారు. ఆ రైలు వాల్తేరు, బెజవాడ మీదుగానే పోయుంటుందని మా రైల్వే బ్యాచ్ పందెం కాసింది. మార్చి 9 రాత్రి ఎహ్రెన్‌ఫెల్స్ ఎక్కి దాడి చేశారు, దాని కెప్టెన్ చనిపోయాడు, జర్మన్లే ఓడని ముంచేసుకున్నారు, పక్కనున్న మరో మూడు ఓడల్నీ వాటి సిబ్బందే ముంచేశారు. 1978 దాకా ఈ సంగతి బయటికి రాలేదు.

ఇది సాహసమా, తటస్థ రేవులో దౌర్జన్యమా అన్నదే తెగని వాదన. నాకైతే రెండూ అనిపిస్తుంది, కానీ అర్జీలు తిప్పికొట్టించుకున్నవాళ్ళ కథకి మనం ఇచ్చింది పావుగంటే, అది మన తప్పు. వచ్చే ఏడు మొదటి సభ దాని మీదే.

దళాన్ని 1947లో రద్దు చేశారు. పిల్లలు థర్మోకోల్‌తో చేసిన ఫీబీ మాత్రం ఆఫీసు బీరువా మీద భద్రంగా ఉంది, అగ్గిపుల్లల నిచ్చెన ఒకటి ఊడింది, ఫెవికాల్ ఉన్నవాళ్ళు కాస్త అంటించండి.

— కార్యదర్శి