మహేశ్‌కు నాన్న రాసేది

దేవరకొండ

చిరంజీవి మహేశ్‌కు ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. బత్తాయి కాపు ఫరవాలేదు. మిర్యాలగూడ సంబంధం వాళ్లకు ఇంకా ఏమీ చెప్పలేదు, తొందరేం లేదు.

దసరాకు రాలేదు, ఫోన్ ఎత్తవు. పని ఎక్కువేమో అనుకున్నాం. మొన్న శీను నోరు జారాడు. వాణ్ణి తిట్టకు, గుచ్చి గుచ్చి అడిగింది నేనే. హెచ్ఐవి అని ల్యాబుల చుట్టూ తిరుగుతున్నావట. ఆ అనుమానం ఎందుకొచ్చిందో నేనడగను. మీ అమ్మకు తెలియదు.

పాత ఇంటి రేకులు మార్పించాం. సరే, అసలు సంగతికే వస్తా. దవాఖానలో కంపౌండర్‌గా చేసినవాణ్ణి కదా, చెప్పకుండా ఉండలేను. అనుమానమున్న రోజు నుంచి 3 నెలలు దాటాక నెగెటివ్ వస్తే అది నెగెటివే. నీకు ఏడాది దాటింది, అన్నీ నెగెటివే వచ్చాయి. అద్దంలో నాలుక చూసుకోవడం, మెడ కింద గడ్డలు తడుముకోవడం మానెయ్. ఊరికే నొక్కితే లేని నొప్పి వస్తుంది.

మీ చిన్నాయనను కుక్క కరిచినప్పుడు నువ్వింకా పుట్టలేదు. అప్పట్లో బొడ్డు చుట్టూ 14 సూదులు. అన్నీ వేయించుకున్నాడు. అయినా పిచ్చికుక్క జబ్బొస్తే నీళ్లు మింగలేరని విని, పొద్దున్నే చెంబెడు నీళ్లు ముందు పెట్టుకుని, గుటక దిగుతుందా లేదా అని చూసుకునేవాడు. తర్వాత మధ్యాహ్నం కూడా. ఆ తర్వాత అర్ధరాత్రి మీ చిన్నమ్మను లేపి మరీ. భయానికి నోరెండి గుటక పడకపోతే "ఇగో, వచ్చేసింది" అని ఏడుపు. మంత్రగాళ్ల దగ్గరికీ పోయాడు. చివరికి మా డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: దాహమైతేనే తాగు, పరీక్ష కోసం తాగకు. మొదట్లో నరకం చూశాడు. మెల్లగా తగ్గింది. ఇప్పటికీ కుక్క మొరిగితే రోడ్డు అవతలికి పోతాడనుకో.

కాబట్టి ఇంకో టెస్టు వద్దు. చూపించుకోవాల్సింది ఆ భయాన్ని. మానసిక డాక్టర్ అనగానే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి గుర్తొచ్చి ఉలిక్కిపడకు, జ్వరానికి పోయినట్టే పో. ముందు 14416కు ఫోన్ చెయ్, సర్కారు నంబరే, పైసా తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. నిజంగా ఆ జబ్బు ఉన్నవాళ్లే సర్కారు దవాఖానలో ఉచితంగా మందులు తీసుకుని పెళ్లాం పిల్లలతో బతుకుతున్నారు. లేనివాడివి, నీకెందుకురా ఈ టెన్షన్?

పాఠం చెప్పొద్దనుకున్నా, చెప్పేశా. రాత్రి ఫోన్‌లో జబ్బుల గురించి వెతక్కు. వేళకు తిను. శనివారం రా, ఎంజీబీఎస్‌లో బస్సెక్కగానే ఒక ఫోన్ కొట్టు. శీనుతో సకినాలు పంపిస్తున్నాం, ఆ స్టీలు డబ్బా మీ అత్తది, మర్చిపోకుండా పట్టుకురా.

నాన్న