ఒర్లాండో వెళ్లే పెద్దవాళ్లందరికీ పార్కు టికెట్టు అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లొచ్చే తల్లిదండ్రులు ఇప్పుడు అమలాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మనవలకు బడి సెలవులూ అప్పుడే కాబట్టి ఫ్లోరిడాలోని ఒర్లాండోకి ఒక వారం ప్రయాణం కడతారు. కొడుకూ కోడలూ ప్రేమకొద్దీ ఇంటిల్లిపాదికీ డిస్నీ పార్కుల టికెట్లు కొనేస్తారు. మోకాళ్లు పట్టేసిన తల్లి, రెండు వీధులు నడిస్తే ఆయాసపడే తండ్రి వద్దనలేక వెనకాలే తిరుగుతారు. పార్కులో రోజంతా ఉంటే పది, పన్నెండు కిలోమీటర్ల నడక ఇట్టే అయిపోతుంది. మూడో రోజుకి కాళ్లు వాచి గదిలో పడుకుంటారు, చేతిలో టికెట్టు వృథా. ఆ టికెట్టు కొనకుండానే అక్కడి డిస్నీ వాళ్ల రిసార్టులో, అంటే బస చేసే హోటల్లో, వారం రోజులు హాయిగా గడపొచ్చని, ఎలా గడపాలో కూడా చెప్పాలని ఈ ఉత్తరం.

ముందు డబ్బు సంగతి. పార్కు టికెట్టు ఒక్కరోజుకే వంద డాలర్లు దాటుతుంది, తేదీని బట్టి ఇంకా పెరుగుతుంది. పదేళ్లు నిండితే పెద్దల రేటే. అరవై దాటినవాళ్లకు రాయితీ ఏమీ లేదు. గేటు దగ్గర వేలిముద్ర తీసుకుంటారు కాబట్టి ఒకరి టికెట్టు మీద ఇంకొకరు వెళ్లడం కుదరదు. అందుకే బుక్ చేసేటప్పుడు టికెట్లతో కలిపిన ప్యాకేజీ కాకుండా గది మాత్రమే తీసుకుని, పార్కుకి వెళ్లేవాళ్లకు టికెట్లు విడిగా కొనాలి. గది మాత్రమే బుక్ చేస్తే ఇంకో సౌకర్యం ఉంది. ముందు ఒక రాత్రి అద్దె కడితే చాలు, అయిదు రోజుల (ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఆరు రోజుల) ముందు వరకూ రద్దు చేసుకున్నా ఆ డబ్బు తిరిగొస్తుంది. ప్యాకేజీ అయితే నెల ముందే మొత్తం కట్టాలి. గదిలో ఇద్దరికి మించి పెద్దవాళ్లుంటే రాత్రికి ఇంత అని అదనం పడుతుంది, అది లెక్కలో వేసుకోవాలి. మీ పత్రికలో ప్రకటనలిచ్చే ట్రావెల్ ఏజెంట్లకూ ఒక మనవి: టికెట్టు లేని పెద్దవాళ్ల రేటు విడిగా చూపించండి. అడిగేదాకా ఆగకండి.

అసలు ఆ చోటు, అంటే వాల్ట్ డిస్నీ వరల్డ్, ఎలాంటిదో మన డెల్టావాళ్లకు చెబితే చాలా తేలిగ్గా అర్థమవుతుంది. సుమారు 25 వేల ఎకరాలు, మన దగ్గర ఒక మండలమంత. ఒకప్పుడది ఊబినేల. కాలవలు తవ్వి, గట్లు పోసి, నీటి మట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకునే తలుపులు పెట్టి ఆ నేలను దారికి తెచ్చారు. మొదటి పార్కు మేజిక్ కింగ్‌డమ్ 1971 అక్టోబరు 1న తెరిచారు. దాని ముందున్న సెవెన్ సీస్ లగూన్ అనే చెరువు తవ్వినదే. మనం చెరువు తవ్వి ఆ మట్టితో ఇంటి స్థలం మెరక చేసుకున్నట్టే, ఆ మట్టి పోసి పార్కు నేలను ఎత్తు చేశారు. పక్కనున్న బే లేక్ మాత్రం సహజంగా ఉన్న చెరువు. ఆ పాతిక వేల ఎకరాల్లో మొత్తం పాతికకు పైగా రిసార్టులు, కొన్నింటి మధ్య పడవలు. దిండి వెళ్లినవాళ్లు వశిష్ఠ ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చోడానికే వెళ్తారు కదా. అక్కడా అలా కూర్చోవచ్చు, దానికి టికెట్టు లేదు.

రిసార్టు ఎంపికలోనే సగం పని అయిపోతుంది. పార్కులు చూసేవాళ్లకు గది పడుకోడానికే కాబట్టి చవకది చాలు. రోజంతా అక్కడే ఉండేవాళ్లకు మాత్రం గుమ్మం ముందు పడవ గానీ, ఒకే పట్టా మీద నడిచే మోనోరైలు గానీ, తీగ మీద నడిచే స్కైలైనర్ పెట్టెలు గానీ ఉండాలి. చవక తరగతిలో ఆల్-స్టార్ పేరుతో ఉన్న మూడింటికీ బస్సు ఒక్కటే దిక్కు. అదే తరగతిలో పాప్ సెంచరీకి, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌కి స్కైలైనర్ స్టేషన్ ఉంది. మధ్య తరగతిలో పెద్దవాళ్లకు మా ఓటు పోర్ట్ ఓర్లియన్స్ ఫ్రెంచ్ క్వార్టర్‌కే. చిన్నది, ఒకటే బస్ స్టాపు, పక్కనే కాలవ, దాంట్లో డిస్నీ స్ప్రింగ్స్ అనే దుకాణాల వీధి దాకా ఉచిత పడవ. దాని పక్కదైన రివర్‌సైడ్ కూడా అందమైనదే గానీ, అందులో అలిగేటర్ బయూ అనే భాగంలోని రెండంతస్తుల ఇళ్లకు లిఫ్టు లేదు. ఇలాంటివి బుక్ చేసే పిల్లలకు తట్టవు, మెట్లెక్కే పెద్దవాళ్లకే తెలుస్తాయి.

గది అడిగేటప్పుడు రెండు కోరికలు రాయించాలి. లాబీకి దగ్గరగా ఉండాలని ఒకటి, స్నానాల తొట్టె కాకుండా నేల మట్టంగా నడిచి వెళ్లే షవర్ కావాలని ఇంకొకటి. తప్పక ఇస్తామని మాటివ్వరు గానీ, రాయించకపోతే అసలే రాదు. తొట్టె అంచు మోకాలెత్తు ఉంటుంది, తడి కాలితో అది దాటేటప్పుడే జారిపడతారు. ఆ బాత్రూముల్లో తొట్టె బయట నేలకి తూము ఉండదు. మనలాగా బకెట్టు పెట్టుకుని గుమ్మరించుకుంటే నీళ్లు గదిలో తివాచీ కిందికి పోతాయి. తెర అంచు తొట్టె లోపలికి వేసి, లోపలే నిలబడి స్నానం చేయాలి. నీళ్లు వాడుకునే అలవాటున్నవాళ్లు ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టెలో వేసుకోవాలి, అక్కడ కాగితమే ఉంటుంది.

వంట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు గదుల్లో ఫ్రిజ్, కాఫీ కాచుకునే మిషను ఉంటాయి, వంటకి ఒప్పుకోరు. ఇక్కడి రైస్ కుక్కర్ మోసుకెళ్లినా లాభం లేదు. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. మన కుక్కర్ అక్కడ పావు వంతు వేడే ఇస్తుంది, అన్నం ఉడకదు, నానుతుంది. పెరుగన్నం లేకపోతే గడవదనుకునేవాళ్లు వంటిల్లున్న విల్లా తీసుకోవాలి. లేదంటే ఫ్రిజ్‌లో పెరుగు పెట్టుకుని, పిల్లల ఇంటి నుంచి వండి తెచ్చిన పులిహోర, దిబ్బరొట్టె మొదటి రెండు రోజులకు సర్దుకోవచ్చు. చవక రిసార్టుల్లో ఫుడ్ కోర్టు దగ్గర అందరూ వాడుకునే మైక్రోవేవ్ ఉంటుంది. ఇరవై డాలర్ల పైచిలుకు పెట్టి ఒక మగ్గు కొంటే ఉన్నన్నాళ్లూ కాఫీ, టీ, కూల్‌డ్రింకు ఎన్నిసార్లైనా పట్టుకోవచ్చు. రోజంతా రిసార్టులో ఉండేవాళ్లకు ఆ మగ్గు రెండు రోజుల్లో గిట్టుబాటవుతుంది.

ఇక రోజు ఎలా గడపాలి? పొద్దున్నే ఎక్కడికీ బయల్దేరొద్దు. ఎనిమిదింటికి బస్సులూ పడవలూ పార్కులకు పోయేవాళ్లతో కిక్కిరిసి ఉంటాయి. పది దాటాక చూడండి, సగం ఖాళీ.

మోనోరైలు ఒక పూట. టీటీసీ అనే కూడలిలో గానీ, పాలినీసియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్, కంటెంపరరీ అనే మూడు రిసార్టుల్లో ఎక్కడైనా గానీ ఎక్కొచ్చు. పార్కు టికెట్టు అడగరు, సంచులు మాత్రం వెతుకుతారు. చెరువు చుట్టూ తిరిగి కంటెంపరరీ హోటలు కట్టడం లోపల నుంచే దూసుకుపోతుంది. కింద జనం భోంచేస్తుంటే నెత్తి మీద రైలు వెళ్తుంది. ప్రతి రిసార్టులోనూ దిగి లాబీలో ఒక అరగంట కూర్చుని మళ్లీ ఎక్కండి. టీటీసీలో రైలు మారి ఎప్కాట్ అనే ఇంకో పార్కు వైపు వెళ్తే, ఆ పట్టా పార్కు లోపల గాల్లోంచి చుట్టి వస్తుంది. టికెట్టు లేకుండా పార్కు పైనుంచి చూసినట్టే. కంటెంపరరీ రేవు నుంచి విల్డర్‌నెస్ లాడ్జికి, ఫోర్ట్ విల్డర్‌నెస్‌కి పడవలున్నాయి. లాడ్జి లాబీ అంతా దుంగలతో కట్టారు, 82 అడుగుల ఎత్తున రాతి పొయ్యి గొట్టం. ఫోర్ట్ విల్డర్‌నెస్‌లో గుర్రాలశాల చూడ్డానికి డబ్బు తీసుకోరు. కారులో వెళ్లినవాళ్లు గేటు దగ్గరే ఆపి లోపలి బస్సు ఎక్కాలి.

స్కైలైనర్ 2019 సెప్టెంబరులో మొదలైంది. ఒక పెట్టెలో పదిమంది దాకా పడతారు. ఇది ఆగదు, నెమ్మదిగా కదులుతుంటే ఎక్కాలి. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి తలుపు కమ్మీ మీద వేసి, ముందు కాలు లోపల పెట్టి అప్పుడు రెండోది ఎత్తాలి. భయమనిపిస్తే అక్కడున్న మనిషికి చెప్పండి. చక్రాల కుర్చీల కోసం పెట్టెను నిలిపి ఎక్కించే వరస వేరే ఉంటుంది. పెట్టెల్లో ఏసీ లేదు, గాలాడుతుంది. ఎప్కాట్ వెనక గేటు దగ్గర దిగితే అది పార్కు బయటే. అక్కణ్నుంచి కాసేపు నడిస్తే బోర్డ్‌వాక్, చెక్కలు పరిచిన చెరువుగట్టు. సాయంత్రం నడకకి ఇంతకంటే మంచి చోటు లేదు.

వారంలో ఒక్క చోటుకే ఓపిక ఉందంటే మాత్రం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జికి వెళ్లండి. ఆ పేరుతోనే ఉన్న పార్కు వేరు, ఈ లాడ్జి వేరు. లాడ్జికి టికెట్టు లేదు. భవనం వెనకాల గడ్డిమైదానాల్లో జిరాఫీలు, చారల గుర్రాలు, పెద్ద కొమ్ముల పశువులు తిరుగుతుంటాయి. మైదానం కనిపించే గదులకు అద్దె చాలా ఎక్కువ. ఆ గది అక్కర్లేదు, లాబీ వెనక అందరూ కూర్చుని చూసే వసారాలున్నాయి. మధ్యాహ్నం ఎండకి జంతువులు నీడకి పోతాయి, మన గేదెలు చింతచెట్టు కింద చేరినట్టే. ఈ ఒక్క చోటికి మాత్రం పొద్దున్నే గానీ, ఎండ దిగాక గానీ వెళ్తే దగ్గరికొస్తాయి. దీనికి బస్సు తప్ప దారి లేదు. ఒక రిసార్టు నుంచి ఇంకో రిసార్టుకి నేరుగా బస్సులుండవు కాబట్టి ఏదో ఒక పార్కు బయటి స్టాండుకి వెళ్లి అక్కడ మారాలి. ఇరవై నిమిషాలకో బస్సు ఉంటుంది. మారడంతో కలిపి గంటకు పైనే చేతిలో పెట్టుకోవాలి.

ఆ లాడ్జిలోనే కిడాని విలేజ్ అనే రెండో భవనంలో సనా అనే భోజన హోటలుంది. ఆఫ్రికా వంటకి మన దేశపు మసాలా. అందులో నాన్‌లాంటి రొట్టెలు, వాటితో తొమ్మిది రకాల పచ్చళ్లు తెస్తారు. మామిడి, చింతపండు, కొత్తిమీర, వెల్లుల్లి కూడా ఉంటాయి. శాకాహారులు కడుపునిండా తినగలిగే చోటు ఇది. అరవై రోజుల ముందే బల్ల బుక్ చేసుకోవచ్చు. వెళ్లలేకపోతే రెండు గంటల ముందన్నా రద్దు చేయాలి, లేకపోతే మనిషికి పది డాలర్లు పోతాయి. రద్దీ రోజుల్లో వేరే రిసార్టు వాళ్లు కారులో వస్తే భోజనం బుకింగ్ చూపించమంటారు, అందుకు కూడా ఇది పనికొస్తుంది.

బాణసంచాకి పార్కులోకి పోనక్కర్లేదు. పాలినీసియన్ ఇసుక ఒడ్డున కూర్చుంటే చెరువుకి అవతల మేజిక్ కింగ్‌డమ్ కోట మీద పేలేవన్నీ కనిపిస్తాయి, పాటలు మైకులో వినిపిస్తాయి. రాత్రి తొమ్మిది ప్రాంతంలో అదే చెరువులో దీపాల పడవల వరస వెళ్తుంది. 1971 నుంచీ నడుస్తున్న వేడుక అది, మన తెప్పోత్సవం గుర్తుకొస్తుంది. అయిపోగానే లేవొద్దు. పార్కు జనమంతా ఒక్కసారే బయట పడతారు. ముప్పావుగంట కాఫీతో కూర్చుని తీరిగ్గా బయల్దేరితే బస్సులో సీటు దొరుకుతుంది.

జాగ్రత్తలు రెండు మూడు. చెరువుల్లో మొసళ్ల జాతి అలిగేటర్లున్నాయి. కాలవగట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడించే మన అలవాటు అక్కడ వద్దే వద్దు, మనవల చేతులు వదలొద్దు. నీళ్లలో దిగాలంటే ఈతకొలను ఉంది. మామూలుగా బస చేసిన రిసార్టు కొలనులోకే రానిస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం మూడు, నాలుగింటికి ఉరుముల వాన దాదాపు రోజూ ఉంటుంది. మెరుపు కనపడితే కొలను ఖాళీ చేయిస్తారు, పడవలు, స్కైలైనర్ ఆపేస్తారు. కాబట్టి తిరుగుడు పొద్దున పూట పెట్టుకుని, రెండింటికల్లా గదికి చేరి కునుకు తీయడం మంచిది. బయట ఉక్క మన మే నెలే గానీ, లాబీల్లో, బస్సుల్లో చలి. శాలువా చేతిలో ఉండాలి. రిసార్టు పూర్తి పేరు, భవనం నంబరు, గది నంబరు ఇంగ్లిషులో రాసిన చీటీ ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి. ఆల్-స్టార్ అని మాత్రమే చెబితే మూడింటిలో ఏదో డ్రైవరుకి తెలియదు.

విమానాశ్రయం నుంచి ఒకప్పుడుండే ఉచిత బస్సు 2022 జనవరిలో ఆపేశారు, ఆ ఖర్చు ముందే రాసుకోండి. గది పదకొండింటికి ఖాళీ చేయాలి. విమానం రాత్రికైతే సామాన్లు బెల్ డెస్కులో ఉంచి రసీదు తీసుకోండి. ఆ రోజంతా కొలను, పడవలు వాడుకోవచ్చు. మందుల సంచి, పాస్‌పోర్టులు మాత్రం ఆ పెట్టెల్లో వేయకుండా చేతిలోనే ఉంచుకోవాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
అమలాపురం, కోనసీమ జిల్లా