తాగనీకి వేరు, తాగుడుకు వేరు

నల్లగొండ

అరే దోస్తూ,

ఎట్లున్నవ్ రా? అమ్మ మోకాళ్ల నొప్పి జర తగ్గిందా? ఇక్కడ మేమంతా మంచిగనే ఉన్నం. పిల్లగాండ్ల పరీక్షలు దగ్గరికొచ్చినయ్, సాయంత్రం ట్యూషన్ అయ్యేసరికి గొంతు పోతున్నది. గదొక్కటే కష్టం.

నువ్వు పంపిన అప్లికేషన్ లెటర్ చదివిన. పోలేపల్లి దిక్కు మందుల కంపెనీల స్టోర్స్ పనంటే నీకు అతికినట్టే ఉంటది. మెడికల్ షాపుల ఏ గోలీ ఏ అరల ఉన్నదో కండ్లు మూసుకొని తీసెటోనివి. లెటర్ గూడ బాగనే రాసినవ్. గాని మూడు తావుల్ల ఒకటే రోగం కనపడ్డది. ఫోన్ల చెప్తే ఈ చెవితోని విని ఆ చెవితోని ఇడుస్తవ్. అందుకే కాయితం మీద పెడుతున్న, ఓపికతోని చదువు.

‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ వర్క్ విత్ యువర్ కంపెనీ’ అన్నవ్. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అన్నవ్. ఆఖరికి ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’ అని దస్తకత్ పెట్టినవ్. ఆ ఆఖరి ముక్క నువ్వొక్కనివే కాదు, మన దిక్కు ఏ ఆఫీసు కాయితం చూసినా గట్లనే ఉంటది. మూడింట్ల మూడు కూడ ‘ఇంగ్’ అడుగుతయ్: ఇన్ వర్కింగ్, టు వర్కింగ్, టు హియరింగ్.

ఎందుకంటవా? ఇంగ్లీషుల ఇన్, ఆన్, ఆఫ్, ఫర్, ఫ్రమ్, ఎబౌట్ లాంటి ప్రిపోజిషన్ గడప లెక్క. గడప దాటంగనే వెర్బు చెప్పులిడిచి నౌనైపోవాలె. ఆ నౌనైన రూపమే ఇంగ్. గైడు పుస్తకాలల్ల దీనికి జిరండ్ అని పేరు పెట్టి, కింద యాభై అరవై వెర్బులు ఏ బీ సీ డీల వరుసల పోసి బట్టీ కొట్టుమంటరు. నాకు ఆ లిస్టులు చూస్తే ఒళ్లు మండుతది. బట్టీ కొట్టాల్సింది ఏ వెర్బుకు ఏ ప్రిపోజిషనో గంతే. ఇంగ్ సంగతి మనకు పుట్టుకతోనే వచ్చు.

నవ్వకు, నిజంగనే చెప్తున్న. బడిల ‘భావార్థకం’ అని చదివినం యాదికున్నదా? పుస్తకంల చేయడం, పోవడం అని ఉంటది. మన ఇండ్లల్ల చేసుడు, పోవుడు, తినుడు అంటం. ఇప్పుడు చూడు: ‘వాడు తాగుడుకు బానిసైండు’ అంటం. ‘వాడు తాగుతడుకు బానిసైండు’ అని మీ ఊర్ల చిన్న పోరడు కూడ అనడు. ‘ఊరికి పోవుడు గురించి మాట్లాడినం’ అంటం గాని ‘పోతం గురించి’ అనం. అంటే విభక్తి తగిలేముందు క్రియ నామం కావాలన్న కట్టడి మన దగ్గర కూడ ఉన్నది. డు, ము, వు, లు అని బెత్తం దెబ్బల కింద అప్పజెప్పిన ఆ విభక్తులే ఇంగ్లీషుల ముందటికొచ్చి నిలబడ్డయ్, తేడా గంతే. మన ‘ఉడు’ ఎక్కడ పడుతదో ఇంగ్లీషు ‘ఇంగ్’ శానా మట్టుకు అక్కడ పడుతది. సారు ‘ఉడు అనొద్దు, డం అనుండ్రి’ అని దిద్దెటోడు గదా, నేను మాత్రం నా క్లాసుల ఉడుతోనే మొదలుపెడ్త.

అసలు తిరకాసు ‘టు’ దగ్గర ఉన్నది. ఇంగ్లీషుల టులు రెండు. ఒకటి ‘వాంట్ టు గో’ల టు. అది ప్రిపోజిషన్ కాదు, దాని తర్వాత ఉత్త వెర్బు వస్తది. ఇంకోటి ‘అడిక్టెడ్ టు డ్రింకింగ్’ల టు. అది అసలైన ప్రిపోజిషన్. రెండూ ఒక్కతీరే కనపడి అందరిని బోల్తా కొట్టిస్తయ్. నీకు మాత్రం సులువు, ఎందుకంటే పాలమూరోనివి. మీ దిక్కు ‘నీళ్లు తాగనీకి వచ్చిన’ అంటరు. ఆ ‘నీకి’ మొదటి టు: కేమ్ టు డ్రింక్ వాటర్. ‘తాగుడుకు మరిగిండు’ అంటరు. ఆ ‘ఉడుకు’ రెండో టు: టు డ్రింకింగ్. నీకి పడ్డకాడ ఉత్త వెర్బు, ఉడుకు పడ్డకాడ ఇంగ్. మా పక్కింటి పిల్ల డీఎస్సీకి చదువుతున్నది, ఆమెకు ఇది చెప్తే ‘గింతేనా సార్’ అన్నది.

అనుమానమొస్తే ఇంకో ఉపాయం ఉన్నది. టు తర్వాత ‘ఇట్’ పెట్టి చూడు. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదురుతది, కాబట్టి టు హియరింగ్. ‘ఐ వాంట్ టు ఇట్’ కుదరది, కాబట్టి టు గో. ఆబ్జెక్ట్ టు, కన్ఫెస్ టు, రిసార్ట్ టు అన్నీ ఇట్‌తోని కుదిరేటివే, అన్నీ ఇంగ్ అడిగేటివే. ఈ ఉపాయానికి ఒక చిల్లు మాత్రం ఉన్నది: అగ్రీ. ‘అగ్రీ టు ఇట్’ అంటరు గాని ‘అగ్రీడ్ టు పే’ అనే అంటరు. దాన్ని విడిగ యాదికి పెట్టుకో.

ఇగ నీ రెండో వాక్యం. ‘యూజ్డ్ టు’ కూడ రెండు తీర్లు. మీ తాత సాగర్ డ్యామ్ మీద రాళ్లు మోసిండు గదా. 1955 డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన డ్యామ్. పాలమూరు లేబర్ లేని ప్రాజెక్టు ఏదున్నది చెప్పు! ‘హీ యూజ్డ్ టు బిల్డ్ డ్యామ్స్’ అంటే అప్పట్ల కట్టెటోడు, ఇప్పుడు లేదు. ‘హీ వజ్ యూజ్డ్ టు బిల్డింగ్ డ్యామ్స్’ అంటే డ్యాములు కట్టుడుకు అలవాటు పడ్డడు. ఆ ‘వజ్’ ఒక్కటి చేరంగనే టు రకం మారిపోయింది. నీ లెటర్ల ‘యామ్’ ఉన్నది కాబట్టి నీకు కావల్సింది ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’.

ఫ్రమ్ గురించి జర ఎక్కువ చెప్పాలె. ప్రివెంట్, స్టాప్, డిస్కరేజ్, ప్రొహిబిట్ అన్నీ అడ్డం పడే వెర్బులు, వీటికి ఫ్రమ్ కావాలె. ‘వాన మమ్ముల పోకుండ ఆపింది’ అన్నప్పుడు మన ‘కుండ’ల లేదన్న అర్థం ఉన్నది గదా, అందుకని మనోళ్లు ఇంగ్లీషుల కూడ ఒక ‘నాట్’ దూరుస్తరు. వద్దు. ఆ లేదనేది ఫ్రమ్‌లనే ఉన్నది: ‘ద రెయిన్ ప్రివెంటెడ్ అజ్ ఫ్రమ్ గోయింగ్’. బ్రిటిషోళ్లు ప్రివెంట్, స్టాప్ తర్వాత ఫ్రమ్ ఎగ్గొట్టి ‘స్టాప్డ్ అజ్ గోయింగ్’ అని కూడ అంటరు, నడుస్తది. ‘కీప్’ దగ్గర మాత్రం ఆ ఆటలు సాగయ్. ‘కీప్ హిమ్ ఫ్రమ్ గోయింగ్’ అంటే వాన్ని పోనియ్యకు. ‘కీప్ హిమ్ గోయింగ్’ అంటే వాన్ని ఆగనియ్యకు, నడిపిస్తనే ఉండు. ఒక్క ఫ్రమ్ పోతే పని ఉల్టా!

మిగిలినయ్ తొందరగ చెప్తా. కారణం చెప్పేటియి ఫర్ తోని పోతయ్: థాంక్, అపాలజైజ్, బ్లేమ్, పనిష్. రానందుకు మాఫీ అడగాలంటే ‘అపాలజైజ్ ఫర్ నాట్ కమింగ్’, నాట్ ముందు, ఇంగ్ వెనుక. పోచంపల్లి మన పాత నల్లగొండ జిల్లాదే కాబట్టి పిల్లలకు ఈ వాక్యం రాయిస్త: ‘వెదిరె రామచంద్రారెడ్డి ఈజ్ రిమెంబర్డ్ ఫర్ గివింగ్ హండ్రెడ్ ఏకర్స్’. 1951 ఏప్రిల్ 18న వినోబా ముందర 100 ఎకరాలు ఇస్తనన్నడు, భూదానం అక్కడ్నే మొదలైంది. నేరం మోపేటప్పుడు ‘అక్యూజ్డ్ ఆఫ్ స్టీలింగ్’ గాని, అదే పోలీసు చార్జిషీటు అయితే ‘చార్జ్డ్ విత్ స్టీలింగ్’. ఎందుకట్ల అని నన్నడగకు, అదొక్కటి బట్టీనే. సక్సీడ్‌కు ఇన్, ఇన్సిస్ట్‌కు ఆన్. ‘హీ ఇన్సిస్టెడ్ మీ టు కమ్’ అని మన ఆఫీసుల్ల రోజూ వినపడుతది, అది తప్పు. ‘హీ ఇన్సిస్టెడ్ ఆన్ మై కమింగ్’ అనాలె, మాటల్ల ‘ఆన్ మీ కమింగ్’ అన్నా పర్వాలేదు. డిస్కస్‌కు మాత్రం ఏ ప్రిపోజిషన్ వద్దు. ‘డిస్కస్ అబౌట్’ అని రాసినవంటే నా దోస్తువని ఎక్కడ చెప్పకు.

నీ లెటర్ వెనుక పేజీ మీద ఎర్ర పెన్నుతోని మూడు వాక్యాలు తిరగరాసి పంపుతున్న, అట్లనే ఎక్కించు. ‘ఐ వజ్ రెస్పాన్సిబుల్ ఫర్ చెకింగ్ ఎక్స్‌పైరీ డేట్స్’ అని ఒకటి కొత్తగ చేర్చిన. స్టోర్స్ పనికి గదే ముఖ్యం, నువ్వేమో ఆ ముచ్చటనే రాయలే. ఇంటర్వ్యూకు పిలిస్తే కూసుండంగనే ‘థాంక్ యూ ఫర్ కాలింగ్ మీ’ అను. రాత్రి డ్యూటీ గురించి తప్పకుండ అడుగుతరు, అప్పుడు యామ్ మింగకు. మింగితే ‘ఎందుకు మానేసినవ్’ అని అడుగుతరు.

పిలుపు రాంగనే ఫోన్ చెయ్యి. అమ్మకు నేనడిగిన్నని చెప్పు.

నీ దోస్త్