స్టాండులో పెట్టగానే నిద్రపోయే సోల్డరింగ్ ఐరన్ కావాలి: నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి, శిక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. పాలకొల్లులో ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసే షాపు నాది. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కోర్సు చదివిన పిల్లలు చేతి పని నేర్చుకోవడానికి మా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఐటీఐ ల్యాబుల్లో, బోర్డు మీద అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెడితే దానంతట అది చల్లబడాలి, చేతిలోకి తీసుకుంటే మళ్లీ వేడెక్కాలి. అందుకు కావలసింది ఒక చిన్న అయస్కాంతం, ఒక సెన్సర్. వాటిని అమర్చే పని పిల్లల చేతే చేయించమని నా విన్నపం.

మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి తమ చెయ్యి బాగోలేదన్న దిగులు ఉంటుంది. లెడ్డు (అతుకు వేసే సీసం, తగరాల తీగ) బిట్టుకి, అంటే ఐరన్ మొనకి అంటదు, ఉండ కట్టి జారిపోతుంది, వేసిన అతుకల్లా సరిగ్గా పట్టక డ్రై సోల్డర్ అవుతుంది. కొత్త బిట్టు వేసి ఇస్తే అదే పిల్లాడు కాసేపటికే మెరిసే అతుకులు వేస్తాడు. లోపం చేతిలో లేదు, నల్లబడిన బిట్టులో ఉంది. బిట్టు లోపలంతా రాగి, పైన పల్చటి ఇనుప పూత. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉండే 60/40 లెడ్డు 190 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కానీ పని సాఫీగా సాగాలని మనం బిట్టును 320 నుంచి 350 డిగ్రీల దాకా కాలుస్తాం. అంత వేడి మీద పని లేకుండా స్టాండులో ఉన్న బిట్టుకు గాలి తగిలి నల్లటి పొర కడుతుంది. దాని మీద లెడ్డు నిలవదు. ఐరన్ వేడెక్కుతుండగా మాస్టారు పాఠం చెబుతారు, పిల్లలు తమ వంతు కోసం నిలబడతారు, ఆ సేపంతా బిట్టు పాడవుతూనే ఉంటుంది. తర్వాత ఎవరో ఆకురాయి తీసుకుని రుద్దుతారు. దాంతో ఇనుప పూత కూడా పోతుంది, లోపలి రాగిని కరిగిన తగరం తినేస్తుంది. బిట్టు పోతే ఇంకొకటి కొంటాం. ‘నాకు సోల్డరింగ్ రాదు’ అని మనసులో ముద్ర పడ్డ పిల్లాడికి ఏం కొనిపెట్టగలం?

స్టాండులో ఉన్నంతసేపు వేడిని 150, 200 డిగ్రీల మధ్యకు దించితే బిట్టు చాలాకాలం మన్నుతుంది. ఐరన్ స్టాండులో ఉందో లేదో, వేడిని అదుపు చేసే కంట్రోలర్‌కు తెలిస్తే చాలు. స్టాండులో అయస్కాంతం, ఐరన్ పిడిలో హాల్ సెన్సర్ పెడితే ఆ సెన్సర్ ఈ సంగతి చెబుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో గమనించిన సూత్రం మీద పనిచేసే ఈ చిన్న ముక్కలో కదిలే భాగం ఏదీ లేదు. అయస్కాంతం దగ్గరికి వస్తే దాని అవుట్‌పుట్ మారుతుంది, అంతే. కొత్త సంగతేమీ కాదిది. పైన్‌సిల్ అనే చిన్న ఐరన్ బోర్డు మీద హాల్ సెన్సర్ కోసం చోటు వదిలే ఉంచారు. అది నడిచే ఐరన్‌ఓఎస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో దానికి సెట్టింగు కూడా ఉంది.

కదలికను బట్టి నిద్రపోయే ఐరన్లు బజారులో దొరుకుతున్నాయి కదా అని అధికారులు తమతో అనవచ్చు. వాటితో నాకు తృప్తి లేదు. సన్నటి కాళ్ల ఐసీ (చిప్పు) మీద చెయ్యి కదలకుండా పట్టుకుని పనిచేస్తుంటే, ఎవరూ వాడటం లేదనుకుని మధ్యలో చల్లబడతాయి. పక్కన జనరేటరు ఆడి బల్ల అదురుతుంటే అసలు నిద్రే పోవు. అయస్కాంతానికి ఆ గందరగోళం లేదు.

అమర్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, కాబట్టి స్టాండులో బిట్టు ఉండే చోట కాకుండా పిడి ఆనే చోట దాన్ని అతికించాలి. చాలా హాల్ స్విచ్చులు దక్షిణ ధ్రువానికే స్పందిస్తాయి, అందుకని ముందు అయస్కాంతాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ తర్వాతే జిగురు పెట్టాలి. ఈ పని తన చేత్తో చేసిన పిల్లాడికి సెన్సర్, దాని తీగను మామూలు వేళ హై వోల్టేజి దగ్గర నిలిపే పుల్‌అప్ రెసిస్టర్, కంట్రోలర్ ఇన్‌పుట్ మూడూ ఒక్క పూటలో అర్థమవుతాయి. బల్ల మీద ఎల్‌ఈడీ వెలిగించి తీసేసే ప్రయోగం కన్నా ఇది ఎంతో మేలు, ఎందుకంటే మర్నాడు తను వాడబోయేది ఆ ఐరన్నే.

మా ప్రాంతానికి ఈ పనితనం ఎందుకు కావాలో కూడా చెప్పాలి. భీమవరం, పాలకొల్లు, నరసాపురం చుట్టూ రొయ్యల చెరువులే. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజాముకు అడుగంటుతుంది. ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రైతు పంట పోయినట్టే. వాటిని నడిపే ప్యానెల్‌లో టైమర్ బోర్డు పోయిందంటే తెల్లారేదాకా ఆగే వీలుండదు. పైగా ఉప్పుగాలికి బోర్డుల మీద రాగి గీతలు చిలుము పట్టి ఉంటాయి. వాటిని శుభ్రం చేసి, మళ్లీ ఊడిపోకుండా అతకగలిగిన చెయ్యి కావాలి. మంచి బిట్టు మీద నేర్చుకున్న చేతికే అది వస్తుంది.

కరెంటు సంగతి మరీ ముఖ్యం. పని మధ్యలో కరెంటు పోతుంది, స్విచ్చి ఆపకుండానే షాపు కట్టి ఇంటికి వెళ్తారు, అర్ధరాత్రి కరెంటు వస్తుంది. మామూలు ఐరన్ ఎవరూ లేని గదిలో పూర్తి వేడికి చేరుతుంది. సెన్సర్ ఉన్న స్టేషన్‌ను (ఐరన్, స్టాండు, కంట్రోలర్ కలిసిన సెట్టును), ఐరన్ స్టాండులో ఉంటే నిద్రలోనే మొదలై కాసేపటికి పూర్తిగా ఆగిపోయేలా పెట్టుకోవచ్చు. కాగితాలు, థిన్నరు సీసాలు ఉన్న ఇరుకు షాపుల్లో అదే పెద్ద రక్షణ.

కాబట్టి ఇకమీదట ల్యాబులకు సోల్డరింగ్ స్టేషన్లు కొనేటప్పుడు, స్టాండులో పెడితే నిద్రపోవాలన్న షరతు టెండరులో చేర్చించండి. ఇప్పుడున్న స్టేషన్లలో 12, 24 వోల్టుల మీద నడిచే వాటికి సెన్సర్ అమర్చడం ప్రాక్టికల్స్‌లో ఒక అభ్యాసంగా పెట్టించండి. నేరుగా 230 వోల్టుల మీద నడిచే ఐరన్ల జోలికి మాత్రం పిల్లల్ని పోనివ్వవద్దు. వాటిని దశలవారీగా మార్చడమే మంచిది. ముందు ఉభయ గోదావరి జిల్లాల్లో ఒకటి రెండు ఐటీఐలలో మొదలుపెట్టి, ఏడాదిలో ఎన్ని బిట్లు మార్చారో పాత లెక్కతో పోల్చి చూడమనండి.

మా షాపులో వాడుతున్న స్టాండు తీసుకొచ్చి, మాస్టార్లకు విప్పి చూపించి, పక్కన కూర్చుని చేయించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. దారి ఖర్చులు కూడా అక్కర్లేదు. తమ కార్యాలయం నుంచి ఒక్క అనుమతి కాగితం ఇప్పించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
బోర్డు రిపేర్ల మెకానిక్, పాలకొల్లు