మిగిలిన ముక్కలతో నోటు పుస్తకాలు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో ఎక్కువ మందిని కూర్చోబెట్టింది, ఎక్కువ నేర్పింది చేత్తో నోటు పుస్తకాలు కుట్టడం. అందుకే ఈ నివేదికలో చాలా భాగం దానికే ఇస్తున్నాను. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సమావేశాల తీర్మానాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

బీరువా సర్దుతుంటే ఈ ఆలోచన పుట్టింది. కార్డుల తయారీలో మిగిలిన రంగు కాగితాలు, కుట్టు క్లాసులో మిగిలిన గుడ్డ ముక్కలు, ఎంబ్రాయిడరీ దారాలు, అట్టముక్కలు అరల నిండా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పలేదు. జిగురు, సూదులు తప్ప కొత్తగా ఏదీ కొనకూడదని మొదటి రోజే అనుకున్నాం. ఉన్న ముక్కను బట్టే పుస్తకం సైజు. అన్నీ ఒకే సైజులో ఉంటే బాగుంటుందని కొందరు గట్టిగానే వాదించారు. కానీ సైజు ముందే అనుకుని కోస్తే మళ్లీ కొత్త ముక్కలు మిగులుతాయి. ఆ నియమం సరైనదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది.

మొదట నేర్చుకున్నది మూడు రంధ్రాల కుట్టు. కాగితాలను సగానికి మడిచి ఒకదానిలో ఒకటి పెట్టి, మడత మీద దబ్బనంతో మధ్యలో ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి రంధ్రాలు చేయాలి. సూది లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి వస్తుంది, పై రంధ్రంలో లోపలికి వెళ్తుంది, మధ్యది వదిలేసి కింది దాంట్లోంచి బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి. దారం రెండు కొసలూ లోపల పై రంధ్రం నుంచి కింది రంధ్రం దాకా పడిన పొడవాటి కుట్టుకు చెరో పక్కా ఉండాలి, అప్పుడే ముడి జారదు. పుస్తకం ఎత్తుకు మూడు రెట్ల దారం సరిపోతుంది. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి. మూడు పోగులు విడదీసి కొవ్వొత్తి మైనం పట్టిస్తే చిక్కు పడకుండా నడుస్తుంది. ఊలు మాత్రం పనికిరాలేదు, సాగిపోయి కుట్టు వదులైపోతుంది.

మందం కాగితాలైతే నాలుగైదు, పలచనివైతే ఎనిమిది వరకు ఒక మడతలో, అంటే కలిపి మడిచిన ఒక కట్టలో పెట్టాం. అంతకు మించితే లోపలి కాగితాలు బయటికి తోసుకొస్తాయి, అంచు కోయాల్సి వస్తుంది.

మొదటి విడత పుస్తకాలు తెరిస్తే తెరుచుకుని ఉండేవి కావు, పేజీలు బిర్రుగా లేచి నిలబడేవి. కుట్టు బిగువు వల్లే అనుకుని రెండు వారాలు కుట్లు విప్పి మళ్లీ వేశాం. అసలు కారణం కాగితంలోనే ఉందని తర్వాత తెలిసింది. మిషన్ మీద తయారైన కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిక్కుకు ఉంటాయి. మడత ఆ దిక్కులోనే పడాలి. ఎ4 కాగితాల్లో సాధారణంగా నారలు పొడవు వైపు ఉంటాయి కాబట్టి, దాన్ని నేరుగా సగానికి మడిస్తే నారలకు అడ్డంగా మడత పడుతుంది. అదే కాగితాన్ని ముందు రెండుగా కోసి, ఒక్కో సగాన్ని మడిస్తే మడత నారల వెంట పడుతుంది, పుస్తకం జేబులో పట్టే ఎ6 సైజుకు వస్తుంది. అందుకే తర్వాతి పుస్తకాలు చాలావరకు చిన్నవి. తెలియని కాగితమైతే ఒక మూల చింపి చూడండి. తిన్నగా చిరిగితే నారలు అటే ఉన్నట్టు.

గట్టి అట్టలు ఇంకా ఇబ్బంది పెట్టాయి. గుడ్డ అంటించిన అట్ట రాత్రికి రాత్రి పడవలా వంగిపోయింది. జిగురు తడికి సాగిన గుడ్డ, ఆరేటప్పుడు బిగుసుకుని అట్టను లాగేస్తుంది. లోపలి వైపు కూడా కాగితం అంటించి, రోజంతా బరువు కింద పెడితే రెండు వైపులా లాగుడు సమానమై అట్ట తిన్నగా నిలిచింది. పలచని గుడ్డకు ముందే వెనుక పలచని కాగితం అతికిస్తే జిగురు పైకి ఊరదు.

అట్ట చాలనప్పుడు చిన్న కార్డు ముక్కల్ని పొరలు పొరలుగా అంటించి అట్ట చేశాం. అతుకులు కనిపిస్తాయేమోనని కొందరు సందేహించారు. ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర 1945లో దొరికిన నాలుగో శతాబ్దపు పుస్తకాల తోలు అట్టల లోపల కూడా ఇలాగే చిత్తు పాపిరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసే పాతకాలపు కాగితం) ముక్కలు, పాత ఉత్తరాలు, లెక్కల కాగితాలు అంటించి ఉన్నాయి. వాటి మీద ఉన్న తేదీలే ఆ అట్టల కాలాన్ని అంచనా వేయడానికి పనికొచ్చాయి. ఈ సంగతి చెప్పాక, వాడేసిన మన కార్యక్రమ పత్రాలు కూడా పొరల్లోకి చేరాయి.

పిల్లల చేత దబ్బనం పట్టించలేదు. రంధ్రాలు పెద్దలు చేసిపెడితే కుట్టు వాళ్లు వేశారు. చూపు ఆనని పెద్దవాళ్లకు లావు సూది, ముదురు రంగు దారం ఇచ్చాం. మొదట్లోనే ఇలా ఇచ్చి ఉండాల్సింది.

వచ్చే ఏడాది ఎక్కువ మడతల్ని గొలుసు కుట్టుతో కలిపే పద్ధతి నేర్చుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. దానికి అరచేయంత అట్టముక్కలు, మూర కంటే పొడవున్న దారాలు కావాలి. మీ దగ్గరుంటే సమావేశాల గదిలోని పెట్టెలో వేయండి. ఊలు, ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం వద్దు.

ఇట్లు,
కార్యదర్శి